పేరు లేని పుట్టి

నేను బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళాలనుకున్నది ఒక వ్యాసం కోసం. రవీంద్రుణ్ణి తెలుగువారికి దగ్గర చేసిన బెజవాడ గోపాలరెడ్డిగారు 1907లో పుట్టిన వూరది. శాంతినికేతనంలో చదివి, బెంగాలీ నేర్చి, రవీంద్రుని రచనలను తెలుగులోకి తెచ్చిన ఆయన అనువాదాలమీద నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా నా మనసులో వుంది. రాసేముందు ఆ మనిషి పుట్టిన నేల ఒకసారి చూడడం మంచిదనిపించింది. సాహిత్య విమర్శకు ప్రయాణాలెందుకని ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. పుస్తకంలో దొరకనిది వూళ్ళో ఏం దొరుకుతుందని వారి సందేహం. ఆ సందేహానికి అప్పుడు నాదగ్గర జవాబు లేదు. 2025 ఏప్రిల్ మొదటివారంలో, శ్రీరామనవమికి ఒకటి రెండు రోజుల ముందు, నెల్లూరులో బస్సెక్కాను.

బస్సువాళ్ళకు అంత పొడుగు పేరుతో పని లేదు. "బుచ్చి, బుచ్చి" అని కండక్టరు కేకవేస్తే చాలు, ఎక్కవలసినవాళ్ళు ఎక్కుతారు. పెన్న వంతెన దాటితే దారి పొడవునా వరిచేలే. కొన్ని కోత అయిపోయి మోళ్ళు మిగిలాయి. కొన్నింటిలో కోతమిషన్లు తిరుగుతున్నాయి. తెలుగుదేశంలో చాలాచోట్ల పెద్దపంట సంక్రాంతికి ఇంటికి చేరుతుంది. నెల్లూరులో లెక్క వేరు. ఇక్కడి వానలు ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. అందరూ కోసుకునే వేళకు ఇక్కడ నాట్లు వేస్తారు, ఎండలు ముదిరే వేళకు కోస్తారు. ఆ తర్వాత నీళ్ళుంటే ఎడగారు పంట వేస్తారు.

బుచ్చిని నది ఒడ్డున వున్న వూరనవచ్చునా? బజారులో నిలబడితే నది కనపడదు. పెన్న వూరికి దక్షిణంగా, కొంత దూరాన, జొన్నవాడ కామాక్షమ్మ గుడి పక్కనుంచి సాగిపోతుంది. అయినా ఈ వూరు పెన్నమీద బతికిన వూరే. నదికీ వూరికీ మధ్య ఉన్న బంధుత్వం కాలవది. 1876–78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన కొద్ది యేళ్ళకే సంగం దగ్గర పెన్నకు అడ్డంగా ఆనకట్ట మొదలుపెట్టి, 1886లో ముగించారు. అంతకు ముందే, 1855లో, నెల్లూరు ఆనకట్ట లేచింది. సంగంలో ఎత్తిన నీళ్ళు కాలవగుండా వచ్చి బుచ్చి పక్కనే వున్న కనిగిరి రిజర్వాయరులో చేరి, అక్కడినుంచి పిల్లకాలవలుగా చేలల్లోకి చీలిపోతాయి. కనిగిరి అనే పట్టణం వేరే వుంది. పేరు చూసి దూరపు పాఠకుడు పొరబడవచ్చు గనుక చెబుతున్నాను. ఎగువన సోమశిల జలాశయం తర్వాత వచ్చింది. పాత సంగం ఆనకట్ట స్థానంలో కట్టిన బారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయింది.

నీళ్ళున్నచోట వడ్లు. వడ్లున్నచోట మిల్లులు. మిల్లులున్నచోట లారీలు, కాటాలు, దళారులు, హమాలీలు, టీకొట్లు. ఈ వరసలోనే బుచ్చి బజారు పెరిగింది. ముంబయి రోడ్డు వూరి నడుమగా పోవడం దానికి తోడయింది. నెల్లూరు బియ్యానికి మద్రాసులో ఒకప్పుడున్న పేరు పెద్దలకు తెలుసు. మొలగొలుకులు అంటే సన్నబియ్యానికి మారుపేరుగా వుండేది. ఆ విత్తనాన్ని ఇప్పుడు చేలల్లో వెతుక్కోవలసిందే. దాని స్థానంలోకి నెల్లూరు మసూరివంటి కొత్త వంగడాలు వచ్చాయి. విత్తనాలు మారాయి, నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, కొడవళ్ళు పోయి మిషన్లు వచ్చాయి. కొలత మాత్రం మారలేదు. నెల్లూరు రైతు ఈనాటికీ వడ్లను పుట్లలోనే చెబుతాడు. పుట్టి అంటే ఇక్కడ 850 కిలోలు.

మొదట కోదండరామస్వామి గుడికి వెళ్ళాను. దొడ్లవారు పద్ధెనిమిదో శతాబ్దం చివర కట్టించిన ఆలయమది. ఎత్తైన గోపురం, విశాలమైన కోనేరు. నవమి దగ్గర పడింది గనుక పందిళ్ళు వేస్తున్నారు. గుడి అందమైనదే, అందులో నాకు వాదం లేదు. నా కళ్ళు మాత్రం రాళ్ళమీదికి పోయాయి. మన దేవాలయాల్లో ఎక్కడ చూసినా దాతల పేర్లుంటాయి. మండపం ఫలానావారిది, మెట్లు ఫలానావారివి, ఆఖరికి గోడకు వేలాడే విసనకర్రమీద కూడా ఒక పేరు. ఇచ్చినవారిని తలుచుకోవడం తప్పు కాదు. అయితే ఇంత గుడి కట్టడానికి సరిపడే వడ్లు ఎవరి చేతులమీదుగా కల్లానికి వచ్చాయో వారి పేర్లు ఏ రాతిమీదా వుండవు. పైగా ఆ చేతులవారిలో అధిక సంఖ్యాకులను గుళ్ళోకి రానివ్వడానికి 1947లో మద్రాసు శాసనసభ చట్టం చేయవలసి వచ్చింది. మన దేశంలో ఎన్ని పాత గుళ్ళున్నాయో అన్నిటికీ ఈ మాట వర్తిస్తుంది. బుచ్చి గుడికి ప్రత్యేకంగా అంటగట్టవలసిన పని లేదు.

గుడినుంచి వచ్చి ముంబయి రోడ్డు వెంబడి కొంతదూరం నడిచాను. వూరు దాటుతుండగా రోడ్డులో సగం మేర వడ్లు ఎండబోసి వున్నాయి. కల్లాలు కరువయిన తర్వాత తారురోడ్డే రైతుకు కల్లమయింది. యాభై దాటిన ఒకాయన వడ్లను కాళ్ళతో చాళ్ళు చాళ్ళుగా తిరగేస్తున్నాడు. ఆయన భార్య అంచుల్లో చెదిరిన గింజలను చీపురుతో లోపలికి నెడుతూ వుంది.

"సార్, పక్కన నడవండి. వడ్లు తొక్కబాకండి" అన్నాడాయన.

తప్పయిపోయిందని పక్కకు జరిగాను. ఆయనే మాట కలిపాడు.

"ఏ వూరు సార్ మీది? ఎవురింటికి వచ్చినారు?"

"ఎవరింటికీ కాదన్నా. గోపాలరెడ్డిగారు పుట్టిన వూరు చూద్దామని వచ్చాను."

"ఏ గోపాలరెడ్డి సార్? ఈ పక్క శానామంది ఉండారే."

నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వేసింది. ఆంధ్రరాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేశారని, ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్ళారని, రవీంద్రనాథ ఠాకూరు పుస్తకాలు తెలుగు చేశారని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అయితే పెద్దోళ్ళే. మా నాయనకు తెలిసుంటుంది" అన్నాడు. ఆ తర్వాత వడ్లవైపు చూసి, "వాన రాకముందే ఇయ్యి ఎత్తాల సార్" అన్నాడు. ఆయనకు ఆ పూట అంతకంటె పెద్ద సంగతి లేదు.

ఆ చేను ఆయనది కాదు, కౌలుకు చేస్తున్నాడు. కౌలు మాట నోటిమాటే. కాయితం లేదు, సంతకం లేదు. పంట ఎలా వున్నా ఆసామికి చెల్లవలసింది చెల్లాలి. 2024–25లో మేలురకం వడ్లకు కేంద్రప్రభుత్వం ప్రకటించిన మద్దతుధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే పుట్టికి 19,720 రూపాయలు. మరి ఆ ధరకు ప్రభుత్వం కొనేచోటే అమ్మవచ్చు గదా అని పట్నవాసపు తెలివితో అడిగాను.

"ఎవురి పేరుతో అమ్మేది సార్? పంట నమోదులో ఆసామి పేరుండాది. దుడ్లు ఆయన ఖాతాలోనే పడతాయి. ఆయన ఉండేది ఈడ కాదు. ఆ తిరుగుడు తిరిగేలోపల వడ్లు మొలకలొస్తాయి. ఎవురు ముందొస్తే వాళ్ళకు తోలేస్తాం."

ముందు వచ్చేవాడు దళారి. అతడు తేమ అంటాడు, తాలు అంటాడు. మద్దతుధరకు మూడు నాలుగు వేలు తగ్గించి అడుగుతాడు. కాటా దగ్గర పుట్టికి 850 కిలోలకు బదులు 900 తూస్తాడు. ఆ యాభై కిలోల విలువ మద్దతుధర ప్రకారం 1,160 రూపాయలు. ఈ లెక్క నాకు చెప్పింది ఆయన కాదు, ఆయన భార్య. చీపురు పక్కన పడేసి, కొంగు ముడి విప్పి, అంతకుముందు వారం తోలిన వడ్ల తాలూకు కాటా చీటీ తీసి నా చేతికిచ్చింది. నేను చదివి చెప్పాలేమోనని కళ్ళద్దాలు సవరించుకున్నాను. ఆమె నాకంటె ముందే చదవడం మొదలుపెట్టింది. బస్తాలెన్ని, తూకమెంత, తరుగెంత, హమాలీకెంత. ఒక్కొక్క అంకెమీదా వేలు పెట్టి చదివింది.

"చదువుకున్నావా అమ్మా?" అని అడిగాను.

"బడికి పోలేదు సార్. మాది కలిగిరి పక్క మెట్టవూరు. నా చిన్నప్పుడు మాయమ్మోళ్ళకు రాత్రిబడి పెట్టినారు. మాయమ్మ నేర్చుకుంటా ఉంటే పక్కన కూర్చోని నేనూ నేర్చుకున్నా."

కలిగిరి పేరు వినగానే నాకు దూబగుంట మెదిలింది. 1990 దాటిన తొలియేళ్ళలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా వుద్యమం నడిచింది. కూలిపనులు చేసుకునే స్త్రీలు లాంతర్ల ముందు కూర్చుని వాచకం పట్టుకున్నారు. వాచకంలో తమవంటి ఆడదాని బతుకు, ఆ బతుకును సారా పాడుచేసిన తీరు కథగా చదివారు. చదివి వూరుకోలేదు. కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. 1992 నాటికి అది జిల్లా వుద్యమమయింది, తర్వాత రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది రెండేళ్ళకే సడలిపోయిందన్నదీ నిజమే. అయినా మనవంటి రాతగాళ్ళు ఈ వుద్యమంలో ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. తెలుగులో ఏ మహాకావ్యం చేయలేని పని ఒక రాత్రిబడి వాచకం చేసింది. అది వారి మాటల్లో, వారి గురించి, వారు చదువుకోవడానికే రాసిన పుస్తకం గనుక చేసింది.

ఆ చీటీని తిరిగి కొంగున కట్టుకుంటూ ఆమె అన్నమాట నేను మరచిపోలేను.

"అన్నీ ఉండాయి సార్ దీంట్లో. మా పేరొకటే లేదు."

చీటీ పైన రాసింది చేను ఆసామి పేరు.

నేను ఏ వ్యాసం కోసం వచ్చానో ఆ వ్యాసం అక్కడ అడ్డం తిరిగింది. గోపాలరెడ్డిగారి జీవితం నాకు కొత్త కాదు. బందరు జాతీయ కళాశాలలోను, ఆపైన శాంతినికేతనంలోను చదువు, జాతీయోద్యమం, 1937లో రాజాజీ మంత్రివర్గంలో ముప్ఫయ్యేళ్ళకే మంత్రిపదవి, 1955 మార్చి నుంచి 1956 అక్టోబరు చివరిదాకా ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రిత్వం, ఆ తర్వాత సాహిత్య అకాడమీ అధ్యక్షత. 1997లో కన్నుమూసేదాకా ఆయన సాహిత్యాన్ని వదలలేదు. సంపన్న కుటుంబంలో పుట్టి, పదవుల్లో కూర్చుని, అనువాదమనే చాకిరీకి అంతకాలం కట్టుబడినవారు అరుదు. ఆ గౌరవం ఇవ్వకుండా మాట్లాడడం అభ్యుదయం కాదు, అవివేకం.

ఆయన ప్రభుత్వకాలంలోనే 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుకు ఒక పరిమితి వుండాలని, కౌలుదారును ఇష్టం వచ్చినప్పుడు తీసివేయరాదని ఆ చట్టం చెప్పింది. మంచి చట్టమే. చెడ్డ చట్టాలు మాత్రమే పేదవాణ్ణి చెరుస్తాయనుకుంటే పొరబాటు. మంచి చట్టాన్ని నోటిమాటతో దాటవేయవచ్చు. కాయితం వుంటేనే గదా చట్టం తగిలేది! అందుకే కౌలు కాయితం ఎక్కలేదు. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దానికింద కౌలుదారుకు కార్డు ఇస్తారు. కార్డు కావాలంటే ఆసామి సమ్మతి కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామికి భయం. సంతకం అడిగితే కౌలే పోతుందేమోనని కౌలుదారుకు భయం. చట్టాల మధ్య అరవైమూడేళ్ళు గడిచాయి. కాటా చీటీమీద పేరు మాత్రం మారలేదు.

ఇక్కడినుంచే నా విమర్శ రవీంద్రునివైపు తిరుగుతుంది. మనం తెలుగులోకి తెచ్చుకున్న రవీంద్రుడు ఎవరు? భక్తుడు, ప్రేమికుడు, ప్రకృతి గాయకుడు. ఆ రవీంద్రుని ప్రభావంలో మన భావకవులు ఒక తరం తడిసిపోయారు. ఆయనకు మరో పార్శ్వం వుంది. ఆయన జమీందారు. పాతిసర్‌లో తన రైతులకోసం వ్యవసాయ బ్యాంకు పెట్టి, 1913లో వచ్చిన నోబెల్ బహుమతి సొమ్మును అందులో వేశాడు. 1922లో శాంతినికేతనం పక్కనే సురూల్‌లో పల్లె పునర్నిర్మాణానికి ప్రారంభించిన సంస్థే శ్రీనికేతనమయింది. 1930లో రష్యా వెళ్ళి, అక్కడ రైతుబిడ్డలు చదువుకోవడం చూసి కదిలిపోయి ఉత్తరాలు రాశాడు. గోపాలరెడ్డిగారు శాంతినికేతనంలో చదివిన 1920లలో శ్రీనికేతనం కూతవేటు దూరంలోనే పనిచేస్తూ వుంది. తెలుగునాట శాంతినికేతనం పేరు తెలియని చదువరి లేడు. శ్రీనికేతనం పేరు తెలిసినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇది ఒక్క అనువాదకుడి లోపమని నేననను. అడిగిన పాఠకుడు ఎవరో, వచ్చిన పుస్తకం అదే. మొన్నటిదాకా మన పాఠకుడు ఆసామి కొడుకు. అతడికి పాట కావాలి గాని పాతిసర్ బ్యాంకు లెక్కలెందుకు?

అదే కోవూరు తాలూకాలో, సముద్రం వైపు, అలగానిపాడు అనే వూరుంది. 1913లో అక్కడ ఒక రెడ్డి భూస్వామి ఇంట సుందరరామిరెడ్డి అనే పిల్లవాడు పుట్టాడు. పేరు చివరి రెడ్డిని తానే కొట్టివేసుకుని పుచ్చలపల్లి సుందరయ్య అయ్యాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయివచ్చి, సొంతవూరి వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశాడు. 1955 ఎన్నికల్లో ఆంధ్ర శాసనసభలోని 196 స్థానాలలో కమ్యూనిస్టులకు దక్కినవి 15. అందులో ఒకటి గన్నవరంనుంచి సుందరయ్యది. ఒకే తాలూకాలో, ఒకే కులంలో, ఆరేళ్ళ తేడాతో పుట్టిన ఇద్దరు ఒకే సభలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరి ఇళ్ళ గాదెలను నింపినవి పెన్న డెల్టా వడ్లే. ఒకరు ఆ వడ్ల తీరికతో సాహిత్యాన్ని పండించారు. రెండవవారు ఆ వడ్లు ఎవరివని అడిగారు.

ఒకరిని ఎత్తి ఒకరిని దించడానికి ఈ పోలిక తేలేదు. అది చాలా తేలిక, మనం చాలాసార్లు చేసిన పనికూడా. నన్ను కలవరపెట్టిన సంగతి వేరు. వ్యవసాయ కూలీమీద మన అభ్యుదయ సాహిత్యం 1943లో తెనాలిలో సంఘం పుట్టిన నాటినుంచి ఎంత రాసిందో లెక్కలేదు. ఆ రోడ్డు పక్కనున్న దంపతులు అందులో ఒక్క పుట కూడా చదవలేదు. గోపాలరెడ్డిగారి రవీంద్రుడు వారికి చేరలేదని వేలు చూపే ముందు, మన రచనలు చేరాయా అని అడుగుకోవాలి. ఆమె చదవలేక కాదు. కాటా చీటీని నాకంటె నిదానంగా, నాకంటె అనుమానంగా చదవగలిగిన మనిషి. విమర్శకుడికి కావలసిన రెండు గుణాలూ ఆమెకు వున్నాయి. మనం ఆమె గురించి రాశాం గాని, ఆమె చదువుతుందని ఎన్నడూ అనుకోలేదు. గుడి రాతిమీద ఆమె పేరు లేకపోవడానికీ, మన పత్రిక చందాదారుల పట్టికలో లేకపోవడానికీ తేడా ఎంత?

సాయంత్రం ఆకాశం మబ్బు పట్టింది. రోడ్డు పొడవునా మనుషులు పరుగులు పెట్టి వడ్లు పోగులు చేశారు. నేనూ కాసేపు గోనెలు పట్టుకున్నాను. పట్టుకోవడం రాక సగం గింజలు పక్కన పోశాను. "ఉండండి సార్, మీకెందుకు" అని ఆమె గోనె తీసుకుంది. నాలుగు చినుకులు పడి ఆగాయి. పోగులమీద పట్టలు కప్పి, అంచులమీద రాళ్ళు పెట్టారు. ఆ రాళ్ళమీద ఏమీ రాసిలేదు.

బస్సులో తిరిగి వస్తూ, మిత్రులకు చెప్పవలసిన జవాబు తయారయింది. పుస్తకంలో లేనిది వూళ్ళో దొరకలేదు. పుస్తకం ఎవరికి దొరకలేదో అది తెలిసింది. గోపాలరెడ్డిగారి అనువాదాలమీద వ్యాసం రాస్తాను, వాటి మేలు తగ్గించను. అయితే రవీంద్రుని పల్లె వ్యాసాలు, రష్యా ఉత్తరాలు ఎనిమిదో తరగతి చదివినవారు చదవగల తెలుగులో, చవకలో, రావాలని సంఘం ముందు పెడతాను. వాటితోపాటు కౌలు చట్టాలేమిటో, కార్డు ఎలా అడగాలో, పుట్టికి ఎన్ని కిలోలు తూయాలో చెప్పే నాలుగు పుటల పుస్తకం ఒకటి మనమే రాయాలి. అది సాహిత్యమా అని ఎవరైనా అడిగితే, మొదట ఆమెకు చదవనిచ్చి, ఆమె ఏమంటుందో చూద్దాం.